ఆడలేకా, మద్దెల ఓడా?

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అని మనకో సామెత ఉంది. ఫొటోలు సరిగ్గా రాకపోతే కెమేరాని తిట్టుకునేవాళ్ళని వెక్కిరించడానికి ఇంతకంటె మంచి సామెత దొరకదు. ఉగాదికో, దీపావళికో పదిమంది చేరినచోట ఎవరైనా ఒక మంచి ఫొటో చూపించారనుకోండి. వెంటనే వచ్చే ప్రశ్న "మీది ఏ కెమేరా అండీ?" అని. ఆ పక్కనే పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన "కెమేరాలో ఏముందండీ, అంతా తీసేవాడి చేతిలో ఉంది" అని తీర్పు చెప్పేస్తారు. అందరూ తలలూపుతారు. అలా తలూపిన వాళ్ళే మర్నాడు కొత్త కెమేరాల ధరలు చూసుకుంటూ ఉంటారు.

నాకు ఈ రెండు మాటలూ పూర్తిగా రుచించవు. సామెత మంచిదే కాని, అది ఒక సంగతి దాటవేస్తుంది. మద్దెల నిజంగానే ఓడు కావచ్చు కదా! ఓటి మద్దెల ఇస్తే ఎంతటి విద్వాంసుడు మాత్రం ఏం వాయిస్తాడు? కాబట్టి నైపుణ్యం గొప్పదా, పరికరం గొప్పదా అని వాదించుకుని లాభం లేదు. ఈ ఫొటో, ఈ పూట, ఎందుకు చెడింది? తప్పు నాదా, మద్దెలదా? ఇది తేల్చుకోవడం వస్తే డబ్బు మిగులుతుంది. డబ్బు సంగతి అలా ఉంచి, కొన్ని ఫొటోలు రెండోసారి తీసే వీలుండదు. అమ్మాయి రంగప్రవేశం ఒక్కసారే జరుగుతుంది. ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మ మళ్ళీ అంత దూరం విమానంలో కూర్చుని రాగలదో లేదో ఎవరికి తెలుసు?

ముందు మద్దెల సంగతి చూద్దాం. ఫొటో అంటే పోగుచేసిన వెలుగు. వెలుగు ధారగా వచ్చి పడుతుందని మనకి అనిపిస్తుంది కాని, నిజానికి అది చినుకుల్లా పడుతుంది. ఆ చినుకుల పేరు ఫోటాన్లు. తుంపర మొదలైనప్పుడు పెరట్లో పరిచిన నాపరాళ్ళని గమనించండి. ఒక రాయి మీద ఐదు చుక్కలుంటాయి, పక్కరాయి మీద పది ఉంటాయి. వాన రెండింటి మీదా ఒకేలా పడుతోంది. అయినా లెక్క తేడా. అదే గంటసేపు జోరువాన కురిస్తే అన్ని రాళ్ళూ ఒకేలా తడుస్తాయి. కెమేరా లోపల ఉన్న సెన్సరు మీద కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. సగటున నూరు ఫోటాన్లు పడే చోట ఆ లెక్క అటో ఇటో పది దాకా ఊగుతుంది, అంటే నూటికి పది. పదివేలు పడే చోట నూరు ఊగుతుంది, అంటే నూటికి ఒకటే. ఈ ఊగే అంకె ఎప్పుడూ వర్గమూలమంత ఉంటుంది. చీకట్లో తీసిన ఫొటోలో బుగ్గల మీదా గోడల మీదా ఇసక చల్లినట్టు కనిపించే మచ్చలు చాలామటుకు ఇవే. కెమేరా చెడిపోవడం వల్ల కాదు, చినుకులు చాలకపోవడం వల్ల వచ్చినవి. ఎంత చెయ్యి తిరిగినవాడైనా ప్రకృతితో బేరమాడి ఈ వర్గమూలాన్ని తగ్గించలేడు.

చినుకులు ఎక్కువ పోగెయ్యాలంటే మూడు దార్లున్నాయి. పెద్ద కంత ఉన్న లెన్సు పెట్టడం, ఎక్కువసేపు తెరిచి ఉంచడం, పెద్ద సెన్సరు వాడడం. సెన్సరు సంగతి కొంచెం ముందుకెళ్ళాక. మిగతా రెండూ మనకి బాగా తెలిసిన చోటే చూద్దాం.

అద్దెకి తీసుకున్న ఒక హైస్కూలు ఆడిటోరియం. వేదిక మీద కూచిపూడి నాట్యం. ఎర్ర దీపాలు, నీలం దీపాలు, హాలంతా చీకటి. తండ్రి పన్నెండో వరసలో కూర్చుని, కెమేరాతోబాటు పెట్టెలో వచ్చిన జూమ్ లెన్సుతో ఫొటోలు తీస్తున్నాడు. ఆ లెన్సుల్లో చాలావాటికి దూరపు వస్తువుని దగ్గరకి లాగితే కంత కొలత 5.6 దగ్గర ఆగిపోతుంది. ఈ అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది. లెన్సు నాభ్యంతరాన్ని కంత వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఇదే. కాబట్టి 55 మిల్లీమీటర్ల దగ్గర ఆ కంత వ్యాసం పది మిల్లీమీటర్లకి మించదు. ఆ వేదిక మీది వెలుగుకి కెమేరా సెకనులో పాతికో వంతు తెరిచి ఉండాల్సి వచ్చిందనుకుందాం. ఆ కాస్తలో అమ్మాయి చెయ్యి జానెడు దూరం జరిగిపోతుంది. ఫొటోలో చేతికి బదులు పొగ ఉంటుంది. అదే 50 మిల్లీమీటర్ల లెన్సు, జూమ్ లేనిది, కంత 1.8 దాకా తెరుచుకునేది పెట్టారనుకోండి. కంత వ్యాసం దాదాపు 28 మిల్లీమీటర్లు. వెలుగు దాదాపు పదింతలు. పాతికో వంతు కాస్తా రెండువందల యాభయ్యో వంతు అవుతుంది. చెయ్యి చెయ్యిలా నిలుస్తుంది. ఇక్కడ మద్దెల నిజంగా ఓడే! తండ్రిగారి నైపుణ్యానికి వంక పెట్టడం అన్యాయం. తమాషా ఏమిటంటే, తయారీ కంపెనీలు అమ్మే లెన్సుల్లో ఈ చిన్న లెన్సు చవక రకాల్లో ఒకటి. చాలామంది దీన్ని వదిలేసి, వెలుగు పోగెయ్యడంలో పెద్ద తేడా చూపించని కొత్త కెమేరా కొంటారు. ఒక చిక్కు మాత్రం ఉంది. దీనికి జూమ్ లేదు కనక పన్నెండో వరస వదిలి మూడో వరసకి రావాలి. దానికి ఖర్చు లేదు, అరగంట ముందు రావాలి, అంతే. మనవాళ్ళకి అదే కష్టం!

అదే హాల్లో వెనకనుంచి తటాల్మని మెరిసే ఫ్లాష్‌ల గురించి ఒక మాట. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. పది అడుగుల దూరంలో ఉన్నవాళ్ళ మీద పడే వెలుగులో, అరవై అడుగుల దూరంలో ఉన్న వేదిక మీద పడేది ముప్పై ఆరో వంతు. అంటే ఆ ఫ్లాష్ ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళ బట్టతలల్ని దివ్యంగా వెలిగించి, నర్తకిని చీకట్లోనే వదిలేస్తుంది. పైగా ఆ పిల్ల కళ్ళు చెదురుతాయి. దయచేసి కట్టేయండి.

ఇంతవరకూ పరికరం పక్షాన వాదించాను. ఇప్పుడు అదే హాల్లో, అదే పాత జూమ్ లెన్సుతో, ఆ అమ్మాయికి నాట్యం నేర్పిన గురువుగారి అక్కగారు కూర్చున్నారని ఊహించుకోండి. ఆవిడకి షట్టరు అంటే ఏమిటో తెలియకపోవచ్చు. కాని తాళం తెలుసు. జతి ముగింపులో తీర్మానం పడ్డాక నర్తకి భంగిమలో ఒక్క క్షణం శిలలా నిలబడుతుందని తెలుసు. గెంతు పైకి వెళ్ళి కిందకి దిగబోయేముందు గాలిలో ఆగినట్టుండే ఒక లిప్త ఉంటుందనీ తెలుసు. సమం ఎక్కడ పడుతుందో ముందే లెక్కపెట్టుకుని, అక్కడ మీట నొక్కితే సెకనులో పాతికో వంతు కూడా సరిపోతుంది. కెమేరా చేతిలో అదరకుండా మోచేతులు కుర్చీకి ఆనించుకుంటే చాలు. వెలుగు చాలనిచోట తాళజ్ఞానం వెలుగుకి బదులు పనిచేసింది. నైపుణ్యం అంటే మీటలన్నీ తెలిసి ఉండడమని మనం పొరబడుతూ ఉంటాం. అందులో పెద్ద భాగం ఎదురుగా జరుగుతున్నదేమిటో తెలియడం.

హద్దు ఎక్కడుందో తెలిసినవాడు దాన్ని చుట్టి ఎలా వెళ్తాడో చూడాలంటే మాయాబజార్ (1957) చూడండి. ఆ సినిమాలో నౌకావిహారపు వెన్నెల ఎరగని తెలుగువాడు అరుదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఆ వెన్నెల నిజం వెన్నెల కాదు, కావడానికి వీల్లేదు. ఎందుకో లెక్క వేద్దాం. నిండు పున్నమి వెన్నెల ఎండకన్నా దాదాపు నాలుగు లక్షల రెట్లు మసక. నూరు ఐ.ఎస్.ఓ. ఫిల్ముతో ఎండలో కంతని 16కి కుదించి సెకనులో నూరో వంతు తెరిస్తే బొమ్మ చక్కగా వస్తుంది. అదే అమరికతో వెన్నెట్లో నాలుగు వేల సెకన్లు, గంటకి పైగా తెరిచి ఉంచాలి. కంతని 2 దాకా తెరిచినా నిమిషం పైన పడుతుంది. సినిమా కెమేరాకి ఒక్కొక్క బొమ్మకి దొరికేది సెకనులో సుమారు యాభయ్యో వంతు! ఫిల్ము ఇంకాస్త చురుకైనదని ఒప్పుకున్నా ఈ అగాధం పూడదు. కాబట్టి బార్ట్లే వెన్నెలని పట్టలేదు, తయారుచేశాడు. నీడలు ఎంత ముదురుగా ఉండాలో, నీటి మీద తళుకు ఎక్కడ ఉండాలో, ముఖాలు ఎంతవరకు కనిపించాలో పోల్చుకుని, మన కళ్ళు వెన్నెలని నమ్మేటట్టు అమర్చాడు.

చంద్రుడి మాట వచ్చింది కనక, ఆన్సెల్ ఆడమ్స్ కథ కూడా చెప్పుకోవాలి. 1941లో ఒక సాయంత్రం ఆయన న్యూ మెక్సికోలో కారులో వెళుతూ హెర్నాండెజ్ అనే పల్లె దగ్గర ఆగాడు. తూర్పున చంద్రుడు పైకొచ్చాడు. పడమటి నుంచి చివరి ఎండ శ్మశానంలో తెల్ల శిలువల మీద పడుతోంది. ఎనిమిదంగుళాల వెడల్పూ పది అంగుళాల పొడుగూ ఉన్న బొమ్మ తీసే పెద్ద కెమేరా అయితే గబగబా నిలబెట్టాడు కాని, వెలుగు కొలిచే మీటరు కనిపించలేదు. వెతుక్కుంటూ కూర్చుంటే ఎండ పోతుంది. చంద్రబింబం ఎంత ప్రకాశంగా ఉంటుందో ఆ అంకె ఆయనకి కంఠతా వచ్చు. దాన్నిబట్టి మనసులోనే లెక్కగట్టి ఒక బొమ్మ తీశాడు. జాగ్రత్త కోసం రెండోది తియ్యడానికి పలక తిప్పేలోపల ఎండ పోయింది. ఆ ఒక్క నెగెటివ్ నుంచి ఆయన దశాబ్దాల తరబడి ప్రింట్లు వేస్తూ, ఆకాశాన్ని అంతకంతకీ నల్లగా చేసుకుంటూ పోయాడు. ఈ కథని నైపుణ్యమే గొప్పదనడానికి రుజువుగా చెబుతారు. సగమే నిజం. మీటరు లేని లోటుని జ్ఞాపకం తీర్చింది. ఆ పెద్ద కెమేరా లేని లోటుని ఏ జ్ఞాపకమూ తీర్చేది కాదు.

జ్ఞాపకం, చూపు, అనుభవం ఏవీ చాలని చోట్లూ ఉన్నాయి. గుర్రం పరుగెత్తేటప్పుడు నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల విడుస్తాయా అన్నది చిత్రకారులు శతాబ్దాల తరబడి చూసి కూడా తేల్చలేకపోయిన ప్రశ్న. 1878లో కాలిఫోర్నియాలో లీలండ్ స్టాన్‌ఫర్డ్ గుర్రపుశాలలో మైబ్రిడ్జ్ పన్నెండు కెమేరాలు వరసగా పెట్టి, దారికడ్డంగా తీగలు కట్టి తేల్చాడు. విడుస్తాయి, కాని కాళ్ళు చాచినప్పుడు కాదు, పొట్ట కిందకి ముడుచుకున్నప్పుడు. ఆ గుర్రపుశాల ఉన్న చోటే తరవాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం లేచింది.

ఇక మన పెళ్ళిళ్ళ దగ్గరకి వద్దాం. కెమేరా ఎంత ఖరీదైనదైనా దాని లోపల ఒక అమాయకపు నమ్మకం ఉంటుంది. ప్రపంచం సగటున బూడిదరంగులో ఉంటుందని, అంటే తన మీద పడ్డ వెలుగులో నూటికి సుమారు పద్దెనిమిది వంతులు తిరగగొడుతుందని. పార్కులో, వీధిలో ఈ ఊహ సరిపోతుంది. పీటల మీద వధూవరులు మధుపర్కాలు కట్టుకుని కూర్చున్నప్పుడు సరిపోదు. ఎదురుగా అంతా తెలుపే. "అబ్బో, వెలుగు మరీ ఎక్కువైంది" అనుకుని కెమేరా తగ్గించేస్తుంది. తెల్లని మధుపర్కాలు మాసిన బట్టల్లా, చామనచాయ ముఖాలు బొగ్గుల్లా వస్తాయి. అమెరికాలో దీనికి రెండో రూపం మంచు. మొదటిసారి మంచు చూసిన మామయ్యగారిని వాకిట్లో నిలబెట్టి తీసిన ఫొటోల్లో మంచు బూడిదలా, ఆయన నీడలా ఉండడం ఎన్ని ఆల్బముల్లో చూశానో! మందు చిన్నదే. కెమేరా మీద ప్లస్, మైనస్ గుర్తులున్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని ప్లస్ వైపు ఒక మెట్టు, అవసరమైతే ఒకటిన్నర జరపాలి. ఫోనులో అయితే ముఖం మీద వేలితో తట్టి, వెలుగు పెంచే గుర్తుని పైకి జరపాలి. ముఖాలని గుర్తుపట్టే కొత్త కెమేరాలు కొంతవరకు తామే సర్దుకుంటాయి. కొంతవరకే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సర్వజ్ఞులం అనుకునే ఇంజనీర్లు కూడా యంత్రంలో తమకి తెలిసిన ప్రపంచాన్నే పెడతారు. కోడాక్ వాళ్ళు రంగులు సరిచూసుకోవడానికి ప్రింటింగు లేబులకి పంపిన నమూనా కార్డుల మీద చాలా ఏళ్ళపాటు తెల్ల అమ్మాయి ఫొటోయే ఉండేది. షర్లీ కార్డులని వాటికి పేరు. నల్లని చర్మంలోని ఛాయాభేదాలు ఆ ఫిల్ములో సరిగ్గా దిగేవి కావు. చాకొలెట్లు, చెక్క బల్లలు తమ ప్రకటనల్లో బాగా రావడంలేదని వ్యాపారస్తులు ఫిర్యాదు చేశాక, ముదురు గోధుమరంగు ఛాయల మీద కంపెనీ శ్రద్ధ పెరిగింది. రకరకాల వర్ణాల మనుషులున్న నమూనా కార్డులు 1990ల్లో గాని రాలేదు. కాబట్టి పాత ఆల్బములో మన అత్తయ్యగారు నల్లటి ముద్దలా ఉంటే, తీసినవాడి చేతకానితనం అని వెంటనే అనకండి. మద్దెలని ఇంకెవరి తాళానికో బిగించి అమ్మారు.

సెన్సరు సంగతి తరవాత చెబుతానన్నాను. పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము సైజు సెన్సరు వైశాల్యం 36ని 24తో గుణిస్తే వచ్చే 864 చదరపు మిల్లీమీటర్లు. ఫోనులో ఉండేది ఎంత మంచి ఫోనయినా దాంట్లో సుమారు ఏడో వంతు, అంతే. చాలావాటిలో అంతకన్నా బాగా తక్కువ. అంత చిన్న దొప్పలో అన్ని చినుకులు ఎలా పడతాయి? పడవు. అందుకని ఫోను ఒక యుక్తి పన్నుతుంది. మీరు ఒకసారి నొక్కితే అది గబగబా చాలా బొమ్మలు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కదిలినవాటిని సర్ది, కలిపేస్తుంది. తుంపరలో పది దొప్పలు పెట్టి నీళ్ళన్నీ ఒకదాంట్లో పొయ్యడం లాంటిది. నైపుణ్యం ఇక్కడ మాయమవలేదు, చేతులు మారింది. మీ వేలి నుంచి, ఆ లెక్కలు రాసిన ప్రోగ్రామరు చేతికి వెళ్ళింది. ఆ ప్రోగ్రామర్లలో మనవాళ్ళు బోలెడుమంది ఉంటారు కనక మనం మరీ బాధపడక్కరలేదు. నిశ్చలంగా ఉన్నవాటికి ఈ యుక్తి అద్భుతంగా పనిచేస్తుంది. అదాటున పరుగెత్తే మనవడి దగ్గర తడబడుతుంది.

మెగాపిక్సెళ్ళ గురించి ఎక్కువ చెప్పను. ఆరు మెగాపిక్సెళ్ళ బొమ్మని పది అంగుళాల ప్రింటు శుభ్రంగా వెయ్యొచ్చు. ఇరవైనాలుగు అంటే నిలువూ అడ్డమూ రెండింతలే, నాలుగింతలు కాదు. ఆ అంకె చూసి కెమేరా కొనడం, పేజీలు లెక్కపెట్టి నవల కొనడం లాంటిది.

పరికరమూ, మనిషీ, వెలుగూ ఏదీ మార్చకుండా పరీక్ష చేస్తే ఏం తేలుతుంది? అలాంటి పరీక్ష ఒకటి 1936లోనే జరిగిపోయింది. డొరోతియా లాంజ్ ప్రభుత్వం పనిమీద కాలిఫోర్నియా తిరిగి, ఇంటికి పోతూ, నిపోమో దగ్గర బఠాణీలు ఏరే కూలీల శిబిరం బోర్డు చూసి కూడా ముందుకి సాగిపోయింది. ఇరవై మైళ్ళు వెళ్ళాక మనసు ఊరుకోక వెనక్కి తిరిగింది. అక్కడ ఒక గుడారంలో పిల్లలతో ఉన్న తల్లిని కొద్ది నిమిషాల్లో కొన్ని ఫొటోలు తీసింది. అవి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. కొన్నింటిలో గుడారం మొత్తం, సామాన్లు, అటూ ఇటూ చూసే పిల్లలు కనిపిస్తారు. ఒకదాంట్లో తల్లి ముఖమూ, గడ్డం దగ్గర చెయ్యీ, భుజాల మీద వాలి ముఖాలు అవతలికి తిప్పుకున్న ఇద్దరు పిల్లలూ. మొదటివి ఎవరికీ గుర్తులేవు. చివరిది ప్రపంచమంతా ఎరుగును. కెమేరా అదే, లెన్సు అదే, వెలుగూ ఇంచుమించు అదే. మారినవి నాలుగడుగుల దూరమూ, ఏది వదిలెయ్యాలో అన్న ఎంపికా. ఆ ఫొటోలు పేపర్లో పడ్డాక ప్రభుత్వం ఆ శిబిరానికి తిండి సరుకులు పంపింది. అప్పటికే ఆ తల్లి పిల్లల్ని తీసుకుని వేరే చోటికి వెళ్ళిపోయింది.

పరికరమూ కాని, నైపుణ్యమూ కాని మూడోది ఒకటుంది. దాన్ని హైదరాబాదులో నూరేళ్ళకి పైగా క్రితమే ఒకాయన గుర్తించాడు. రాజా దీన్ దయాళ్. మనలో చాలామందిలాగే ఆయనా ఇంజనీరింగు చదివి, ప్రభుత్వోద్యోగంలో చేరినవాడే. ఇందోర్‌లో పనిచేస్తూ ఫొటోలు తియ్యడం నేర్చుకుని, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. బరువైన గాజుపలకలు, మంచి లెన్సులు, చెయ్యి తిరిగిన సిబ్బంది, అన్నీ ఉన్నాయి. కాని ఘోషాలో ఉండే స్త్రీలు ఆయన ముందు కూర్చోరు. 1892లో వాళ్ళ కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టి, ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించాడు. ఆయన నైపుణ్యమంతా ఆ గుమ్మం బయటే ఆగిపోవలసిందే. లోపలికి వెళ్ళగలిగింది ఎదుటి మనిషి సంకోచించనక్కరలేని మనిషి.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళ ఫొటోల దగ్గర ఈ మూడోదే నడుస్తుంది. పేరున్న ఫొటోగ్రాఫరుని పిలిస్తే అమ్మ పట్టుచీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. పరికరానికి లోపంలేదు, నైపుణ్యానికి లోపంలేదు. ఫొటోలో అమ్మ ఉండదు. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడు ఎదురుగా కూర్చోగలిగినవాళ్ళు మీరే. దానికి మీ దగ్గర ఉన్న ఫోను చాలు, వెలుగు చూసుకుంటే. నడినెత్తిన ఉన్న వంటింటి దీపం కట్టేయండి, కళ్ళ కింద గుంటలు తెచ్చేది అదే. ఎండ నేరుగా పడని కిటికీ పక్కకి, వీలైతే ఉత్తరపు కిటికీకి, కుర్చీ జరపండి. కిటికీ ఆవిడ వెనక కాకుండా ఒక పక్కగా ఉండాలి. ఫోనుని ఆవిడ కళ్ళ ఎత్తుకి దించండి, జూమ్ చెయ్యకుండా మీరే దగ్గరకి జరగండి. "ఇటు చూడమ్మా" అనకండి. ఆ చిక్కుడు పాదు ఎవరింటిదో, ఈ ఏడు ఎన్ని కాయలు కాసిందో అడగండి.